మొర వినియు రాలేని దైవము: రోమను మహాకావ్యములలో దేవతలు

రోమను మహాకవి వర్జిలు తన ‘ఈనియడ్’ కావ్యమును ఆరంభించుచునే ఒక సంశయమును పాఠకుని ముందుంచినాడు. దైవభక్తికి పేరెన్నికగన్న ఒక వీరుని దేవతల రాణియైన జూనో ఏండ్ల తరబడి సముద్రముపై త్రిప్పి త్రిప్పి బాధించినది. దీనికి కారణమేమో తెలుపుమని కావ్యాధిదేవతను వేడుకొనుచు, దివ్యులైనవారి మనస్సులలో సైతము ఇంత పగ ఉండునా అని కవి విస్తుపోయినాడు. ఆ ప్రశ్నకు పండ్రెండు సర్గల కావ్యములో సూటియైన సమాధానము ఎక్కడను లేదు. నిత్యము దీపము పెట్టి, ఏకాదశి విడువక, పరుల సొమ్మునకు ఆశపడక బ్రదికిన గృహస్థుని యింట అకాలమరణము సంభవించినపుడు పదిమందియు గుసగుసలాడుకొను ప్రశ్న ఇదియే. రెండువేల సంవత్సరముల క్రిందట, మరియొక మతమునకు చెందిన కవి దానిని ఎట్లు ఎదుర్కొనెనో చూచుట వైష్ణవ గృహములకును నిష్ప్రయోజనము కాదు.

వర్జిలు క్రీ.పూ. 70లో ఉత్తర ఇటలీలోని మాంటువా సమీపమున జన్మించి, క్రీ.పూ. 19లో మరణించెను. తుది పదునొకండేండ్లు ఈ కావ్యరచనలోనే గడిచినవి. అయినను అది ఆయనకు తృప్తినీయలేదు. తాను పోయిన పిదప దానిని తగులబెట్టుడని కోరినట్లు ప్రాచీన జీవితచరిత్రలు తెలుపుచున్నవి. అగస్టసు చక్రవర్తి ఆజ్ఞచే అది నిలిచినది. ఆ అగస్టసు కొలువునకు భారతదేశపు రాజులు రాయబారులను పంపినట్లు ఆయన శాసనమే చెప్పుచున్నది. రోమను నాణెములు ఆంధ్రదేశపు మట్టిలోను బయటపడినవి. ఇది శాతవాహనుల నాటి కావ్యమని తలచినచో దూరము కొంత తగ్గును.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఈనియడ్ రోమనులకు వేదము కాదు, పురాణమును కాదు. వారి మతము ప్రధానముగా కర్మకాండ. ఏ దేవతకు ఏ దినమున ఏ బలి, ఏ మాటలతో సమర్పింపవలెను అనునదే ముఖ్యము. వర్జిలు కాలపు మహాపండితుడైన వర్రో దేవతలను గూర్చిన విద్య మూడు విధములని విభజించినాడు: కవులది, తత్త్వవేత్తలది, నగరప్రజలది. కవుల దేవతలు కలహింతురు, మోహింతురు, అలుగుదురు. అది గ్రీకు కవి హోమరునుండి వచ్చిన సొత్తు. నేవియసు, ఎన్నియసు అను పూర్వకవులు దానిని లాటిను భాషలోనికి తెచ్చిరి. వారి గ్రంథములు తునుకలుగా మాత్రమే మిగిలినవి. కవుల దేవతను, తత్త్వవేత్తల దైవమును, నగరపు వేలుపును ఒక్కచోట నిలువబెట్టి, వీరు ముగ్గురును ఒక్కరేనా అని నిజముగా బాధపడినవాడు వర్జిలు.

కథానాయకుడైన ఈనియాసునకు కవి ఇచ్చిన విశేషణము ‘పియుసు’. ఆ గుణమును ‘పియెటాసు’ అందురు. దానిని భక్తి యని అనువదించిన సగమే సరిపోవును. కన్నవారియెడ, ఇలవేలుపులయెడ, పుట్టిన జాతియెడ తీర్పవలసిన ఋణమును ఎంత కష్టమైనను తీర్చు స్వభావమే పియెటాసు. దేవఋణము, పితృఋణము అను మాటలు ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. ట్రాయ్ నగరము తగులబడిన రాత్రి ఈనియాసు వృద్ధుడైన తండ్రి ఆంకైసీసును భుజములపై ఎక్కించుకొని, చిన్న కుమారుని చేయి పట్టుకొని బయలుదేరెను. ఇలవేలుపుల ప్రతిమలను మాత్రము తాను తాకలేదు. యుద్ధములో రక్తము సోకిన చేతులను పారు నీట కడిగికొనువరకు వానిని ముట్టరాదని తండ్రి చేతికిచ్చెను. సాలగ్రామపు పెట్టెను ఒడిలో పెట్టుకొని ఊరు విడిచిన కుటుంబముల కథలు విన్నవారికి ఈ దృశ్యము పరాయిదిగా తోచదు.

అట్టివానికి ఆ రాత్రి దేవతలు చేసిన ఉపకారమేమి? తల్లియైన వీనసు దేవి అతని కన్నులకు అడ్డమైన పొరను తొలగించి నిజమును చూపినది. నగరమును కూల్చుచున్నవారు గ్రీకులు మాత్రమే కారు. సముద్రాధిపతి నెప్ట్యూను త్రిశూలముతో కోట పునాదులను పెకలించుచున్నాడు. జూనో ద్వారమునొద్ద నిలిచి శత్రుసేనను పిలుచుచున్నది. దేవరాజైన జూపిటరు స్వయముగా శత్రువులకు బలమును, ఉత్సాహమును ఇచ్చుచున్నాడు. కురుక్షేత్రమున అర్జునుడును ఇట్టి భయంకర దర్శనమునే చూచెను. కాని దాని పిదప అర్జునునకు సారథి యొకడు మిగిలెను. ఈనియాసునకు పరుగు మాత్రమే మిగిలెను. ఆ రాత్రియే అపోలో దేవుని పూజారి పాంథుసు చనిపోయెను. అతని భక్తియు, ధరించిన పూజాచిహ్నములును అతనిని కాపాడలేదు. ట్రాయ్ వారిలో మిక్కిలి న్యాయపరుడైన రిఫియసును కూలెను. దేవతల తలంపు వేరుగా నుండెనని మాత్రము చెప్పి కవి ముందుకు సాగినాడు. ఆ పొడిమాటలోని వేదన దీర్ఘవిలాపములలో కానరాదు. పదమూడు శతాబ్దముల తరువాత వర్జిలును గురువుగా భావించిన ఇటలీ కవి డాంటే, ఆ అన్యాయమును సహింపలేకనో యేమో, క్రైస్తవుడు కాని ఈ రిఫియసునకు తన కావ్యములోని స్వర్గములో చోటిచ్చినాడు.

తల్లి వీనసును గూర్చి మరియొక సన్నివేశము కలదు. తుపానులో ఓడలు చెదరి, ఈనియాసు ఆఫ్రికా తీరమున అపరిచితమైన అడవిలో తిరుగుచుండగా, వీనసు వేటకత్తె వేషములో ఎదురైనది. మార్గము చెప్పినది, ధైర్యము చెప్పినది. ఆమె వెనుదిరిగి పోవుచుండగా ఆ నడక చూచి అతడు తల్లిని గుర్తించెను. ఇన్ని మారువేషములతో తన్ను ఏల మోసగింతువని, చేతిలో చేయి వేసి నిజమైన మాటలు మాటలాడుకొను భాగ్యము తనకేల లేదని వాపోయెను. ఆమె నిలువలేదు. అతని చుట్టు మబ్బుతెర కప్పి, తన గుడియున్న పాఫోసునకు పోయెను. రక్షణ ఉన్నది, సాన్నిధ్యము లేదు. అతని ప్రయాణములు తీరునంతవరకు ఈ కొరత తీరదు.

ఇక జూనో కోపము. ఈనియాసు ఇటలీ చేరుననియు, అతని సంతతివారు రోమును స్థాపింతురనియు విధి. లాటినులో విధిని ‘ఫాటుము’ అందురు; పలుకబడినది అని దాని అర్థము. తెలుగువారికి విధి నుదుట వ్రాయబడినది, రోమనులకు అది ముందే పలుకబడినది. ఆ పలుకును జూనో మార్పజాలదు. ఆ సంగతి ఆమెకును తెలియును. అయినను ఆలస్యము చేయగలదు, ఆ ఆలస్యములో ఎందరినైనను బలిగొనగలదు. కార్తేజి రాణి డైడో అట్లే బలియైనది. భర్తను పోగొట్టుకొని, పారిపోయి వచ్చి, ఒక నగరమును నిర్మించుకొనుచున్న ఆ ధీరురాలిని వీనసు తన కుమారుని క్షేమము కొరకును, జూనో తన పంతము కొరకును ప్రేమలో పడవేసిరి. పిమ్మట జూపిటరు పంపిన దూత వచ్చి ఈనియాసును కర్తవ్యము గుర్తుచేసి బయలుదేరదీసెను. డైడో చితిపై కత్తికి ఆహుతియైనది. ఆ మరణము విధి విధించినది కాదు, ఆమె చేసిన పాపమునకు తగినదియు కాదు. అందుచే ప్రాణము సులభముగా పోక కొట్టుకొనుచుండగా, జూనోయే జాలిపడి ఒక దూతికను పంపి ఆమెను విడిపించినది. దుఃఖమునకు కారణమైన చేయియే తుదకు ముడి విప్పినది. దీనిని దయ యనవలెనో, ఆలస్యమైన సిగ్గనవలెనో కవి చెప్పలేదు.

ఇవన్నియు కేవలము మనుష్యుల ఉద్రేకములకు పెట్టిన పేర్లనియు, వీనసనగా కామమనియు, జూనో యనగా క్రోధమనియు చెప్పు విమర్శకులు కలరు. ఆ సందేహము వర్జిలునకును లేకపోలేదు. తొమ్మిదవ సర్గలో రాత్రివేళ శత్రుశిబిరములోనికి చొరబడదలచిన నిసుసు అను యువకుడు తన మిత్రునితో ఇట్టి మాటయే అనును: ఈ ఉత్సాహమును దేవతలే మనస్సున నింపుచున్నారా, లేక ఎవని తీవ్రవాంఛ వానికి దైవమై కూర్చుండునా? మిత్రులిద్దరును ఆ రాత్రియే మరణించిరి. ప్రశ్న అట్లే నిలిచెను. అయితే వర్జిలు దేవతలను పూర్తిగా మనస్సులోనికి కుదించలేదు. ఈనియాసునకు ప్రతికక్షియైన టర్నసు నిద్రించుచుండగా, జూనో పంపిన అలెక్టో అను నరకశక్తి ముసలి పూజారిణి వేషములో వచ్చి యుద్ధమునకు పురికొల్పినది. అతడు నవ్వి, గుడి చూచుకొనుమని చెప్పి పంపబోయెను. అప్పుడామె నిజరూపము చూపి, మండుచున్న కాగడాను అతని రొమ్మున గ్రుచ్చినది. కోపము అతనిలోనే ఉన్నచో ఆ నవ్వెక్కడిది? కోపము బయటినుండి వచ్చినదైనచో అతని మరణమునకు బాధ్యులెవరు?

ఈ ప్రశ్న పదవ సర్గలో తీవ్రమగును. దేవసభలో వీనసు, జూనో ఒకరి నొకరు నిందించుకొనిరి. జూపిటరు ఎవరి పక్షమును వహింపక, తాను అందరికిని సమానుడైన రాజుననియు, ఎవరి పని వారికి ఫలమిచ్చుననియు, విధి తన దారి తాను చూచుకొనుననియు తీర్పు చెప్పెను. వినుటకు ఇది గొప్ప న్యాయముగా తోచును. గీత తొమ్మిదవ అధ్యాయములో శ్రీకృష్ణపరమాత్మయు తాను సర్వభూతములయందు సముడననియే సెలవిచ్చినాడు. కాని ఆ వాక్యము అక్కడ ఆగలేదు. భక్తితో భజించువారు తనలోను, తాను వారిలోను ఉందునని వెంటనే చెప్పినాడు. జూపిటరు సమత్వమునకు ఆ రెండవ భాగము లేదు. అది లేని సమత్వమెట్టిదో వెనువెంటనే యుద్ధభూమిలో కనబడును.

ఈనియాసునకు ఆశ్రయమిచ్చిన వృద్ధరాజు ఇవాండరు. ఒకప్పుడు హెర్క్యులీసు అతని యింట అతిథియై, ఆ ప్రాంతమును పీడించుచున్న రాక్షసుని చంపెను. నాటినుండియు ఆ కుటుంబము ఏటేట హెర్క్యులీసునకు ఉత్సవము చేయుచున్నది. ఈనియాసు వచ్చిన దినమున సైతము ఆ ఆరాధనయే జరుగుచుండెను. ఇవాండరు ఏకైక పుత్రుడు పల్లాసు, మీసకట్టు ప్రాయమువాడు, యుద్ధములో టర్నసును ఎదుర్కొనవలసి వచ్చినపుడు తన యింటి వేలుపునే తలచెను. తండ్రి పెట్టిన ఆతిథ్యమును జ్ఞాపకము చేసి, తోడు రమ్మని మొరపెట్టెను. హెర్క్యులీసు ఆ మొర వినెను. విని గుండెలోనే నిట్టూర్పు అణచుకొని, వ్యర్థముగా కన్నీరు కార్చెను. రాలేదు. జూపిటరు అతనిని ఓదార్చెను: ప్రతివానికిని దినము నిర్ణయింపబడియున్నది, దేవతల కుమారులెందరో ట్రాయ్ గోడల క్రింద కూలిరి, వారిలో తన కుమారుడు సార్పెడనును కలడు. ఇట్లు పలికి ఆ దేవరాజు యుద్ధభూమినుండి కన్నులు మరల్చుకొనెను. కుమారుని శవము ఇంటికి వచ్చినపుడు ఇవాండరు, తన మ్రొక్కులను ప్రార్థనలను దేవతలలో ఒక్కరును ఆలకింపలేదని విలపించెను. ఒక దేవుడు ఆలకించెననియు, ఏడ్చెననియు అతనికి ఎవ్వరును చెప్పలేదు. రోమను సాహిత్యమంతటిలో ఇంతకన్న కరుణమైన ఘట్టము అరుదు.

తెలుగు పాఠకునకు ఇక్కడ గజేంద్రమోక్షము జ్ఞప్తికి రాక మానదు. పోతన గారి భాగవతములో ఏనుగు మొర విని బయలుదేరిన స్వామి లక్ష్మీదేవితో ఒక్కమాటయైన చెప్పలేదు, ఆయుధములను సవరించుకొనలేదు. ఆ తొందరకును, హెర్క్యులీసు కన్నీటికిని గల భేదమే ఈ రెండు దేవతాభావనల భేదమని చెప్పి ముగించుట సులభము. కాని అది తొందరపాటగును. పల్లాసువలెనే పసివాడైన అభిమన్యుడు పద్మవ్యూహములో పడినపుడు మేనమామ సర్వేశ్వరుడే. అయినను వాడు ఒంటరిగానే మరణించెను. సుభద్ర పుత్రశోకమును ఇవాండరు శోకముతో తూచు త్రాసు ఎవరియొద్ద ఉన్నది? నిజమునకు రోమను కవి చిక్కు కొంత తేలిక. అతని దేవుడు రాలేడు, కనుక రాలేదు. విధికి లోబడిన దైవముపై నిష్ఠురమాడుటకు తావు తక్కువ. సర్వశక్తుడును, దయాసముద్రుడును అయిన స్వామిని నమ్మినవానికి ‘రాలేడు’ అను ఊరట లేదు. ‘రాలేదు’ అను మాటనే అతడు భరింపవలెను.

ఈ భారమును వైష్ణవాచార్యులు దాచలేదు. తిరుమల కోవెలలో గడపయై పడియుండుటయే చాలునని కోరిన కులశేఖరాళ్వారు తన పెరుమాళ్ తిరుమొழిలోని మరియొక దశకమున ఈ విషయమునే తలపోసినారు. కన్నతల్లి కోపముతో త్రోసివేసినను ఆమె దయనే తలచి యేడ్చు పసిబిడ్డను, కోసి కాల్చు వైద్యునియందు ప్రేమ తగ్గని రోగిని ఆయన దృష్టాంతములుగా చూపినారు. ఇందులో ‘ఎందుకు’ అను ప్రశ్నకు జవాబు లేదు. పట్టిన చేయిని విడువకుండుట మాత్రము ఉన్నది. ఈనియాసు అడవిలో తల్లివద్ద యాచించినది సరిగా ఆ చేయినే.

కావ్యము చివర జూనో శాంతించినది. పగ విడుచుటకు ఆమె కోరిన వరము గమనింపదగినది: గెలిచిన ట్రాయ్ వారు తమ పేరును, భాషను, వేషమును విడువవలెను, లాటిను భాషయు, లాటిను నామమును నిలువవలెను. జూపిటరు చిరునవ్వుతో అంగీకరించెను. దేవతల కలహము తీరినది గాని మనుష్యుల కలహము తీరలేదు. క్రిందపడిన టర్నసు ప్రాణభిక్ష వేడగా ఈనియాసు క్షణకాలము తడబడెను. అంతలో పల్లాసు నడుమునుండి దోచిన పటకా టర్నసు భుజమున మెరసెను. ఈనియాసు క్రోధముతో మండిపడి వానిని పొడిచెను. కావ్యము అక్కడనే ఆగినది. ఆరంభమున దేవతకు ఆరోపించిన క్రోధము అంతమున ధర్మపరుని గుండెలోనికి చేరినది. ఆ కత్తిని ఆపుటకు గాని, మెచ్చుటకు గాని దేవతలెవ్వరును రాలేదు.

తరువాతి కవులు ఈ చిక్కును తలకొక విధముగా విప్పజూచిరి. హానిబాలు యుద్ధమును పదునేడు సర్గలలో పాడిన సిలియసు ఇటాలికసు పాత దేవతలను యథాతథముగా మరల రంగమెక్కించెను. దానిని గూర్చి ఎక్కువ చెప్పనవసరము లేదు. లూకను మాత్రము సాహసి. క్రీ.శ. 39లో జన్మించి, నీరో చక్రవర్తిపై కుట్రలో చేరి క్రీ.శ. 65లో ప్రాణము కోల్పోయిన ఈ యువకవి, క్రీ.పూ. 48లో జరిగిన ఫార్సాలసు యుద్ధమును కావ్యముగా వ్రాయుచు, దేవతలు దిగివచ్చి పోరాడు సంప్రదాయమునే త్రోసివేసినాడు. అధర్మము గెలిచిన యుద్ధములో దేవతలను చూపుట అతనికి మనస్కరింపలేదు. లోకమును గ్రుడ్డి యదృచ్ఛ నడుపుచున్నదని ఒకచోట కోపముతో పలికెను. ఆ కవియే మరియొకచోట కేటో అను వీరుని లిబియా ఎడారిలో జూపిటరు ఆమ్మోను దేవళము ముందు నిలిపినాడు. సోదె అడుగుమని అనుచరులు కోరగా కేటో నిరాకరించెను. మంచిగా జీవింపవలెనని తెలిసికొనుటకు సోదె యేల? భూమి, సముద్రము, ఆకాశము, సద్గుణము ఇవిగాక దైవమునకు వేరే నివాసముండునా? చూచునదెల్ల, కదలునదెల్ల ఆయనయే అని అతని భావము. స్తంభములో హరిని చూచిన బాలుని కథ తెలిసినవారికి ఈ మాట మధురముగా తోచును. కాని ప్రహ్లాదుని స్తంభము పగిలినది. కేటో ఎడారి పగులలేదు. సర్వవ్యాపియైన ఆ దైవము కేటోతో మాటలాడదు.

క్రీ.శ. మొదటి శతాబ్ది చివర స్టేషియసు పండ్రెండేండ్లు శ్రమించి ‘థీబాయిడ్’ రచించెను. థీబ్సు రాజ్యము కొరకు అన్నదమ్ములిద్దరు ఒకరినొకరు చంపుకొనిన కథ యిది. వారు తలపడు వేళకు జూపిటరు దేవతలందరిని కన్నులు మరల్చుకొనుడని ఆజ్ఞాపించెను. పియెటాసు ఒక్కతె, ఇక్కడ ఆమె ఒక దేవత, ఓర్వలేక యుద్ధభూమికి దిగినది. సైనికుల మనస్సులు కొంత కరగినవి. అంతలో నరకశక్తి పాములతోను, కాగడాతోను ఆమెను తరిమివేసినది. ఆమె ముఖమున మేలిముసుగు లాగుకొని, జూపిటరుతో చెప్పుకొనుటకు పోయెను. ఈనియాసు భుజములపై తండ్రిని మోయించిన గుణము యుద్ధభూమినుండి గెంటివేయబడినది.

అన్నదమ్ములు మరణించిన పిదప, ఓడిన ఆర్గోసు వీరుల శవములకు దహనసంస్కారము జరుగరాదని థీబ్సు కొత్త రాజు క్రేయాను శాసించెను. భర్తలను, కుమారులను పోగొట్టుకొనిన స్త్రీలు ఏథెన్సు నగరమునకు నడచి వచ్చిరి. ఆ నగరము నడుమ క్లెమెంటియా, అనగా దయ, అను దేవతకు ఒక వేదిక ఉన్నట్లు కవి వర్ణించినాడు. అక్కడ ప్రతిమ లేదు. మనస్సులలో నివసించుటయే ఆమెకు ప్రీతి. ధూపము అక్కరలేదు, రక్తబలి పనికిరాదు. కన్నీటితోనే ఆ వేదిక తడియును. దుఃఖితలు కోసి సమర్పించిన శిరోజములు దానిపై వ్రేలాడుచుండును. కొండకు వచ్చి తలనీలాలిచ్చు యాత్రికునకు ఈ మాట వింతగా నుండదు. సుఖులకు ఆ వేదిక తెలియదు. ఎవరినైనను ఎప్పుడైనను అది కాదనదు. వర్జిలు పాత్రలు వెదకి పొందలేకపోయినదానిని స్టేషియసు ఒక చోటుగా చూపినాడు.

విజయయాత్రనుండి తిరిగివచ్చుచున్న రాజు థీసియసు ఆ స్త్రీల మొర ఆలకించి, విశ్రాంతి తీసికొనక థీబ్సుపైకి సేనను మరల్చెను. క్రేయాను హతుడయ్యెను, శవములు చితుల కెక్కెను. ఆ తల్లులు ఏథెన్సు చేరుటకు పూర్వమే ఒక దేవత వారికి దారి సులభము చేయుటకు, ఆ నగరాధిదేవత మనస్సు కరగించుటకు బయలుదేరియుండెను. ఆర్గోసు ఆమెకు ఇష్టమైన నగరము, ఆ పక్షపాతము కొంత ఉన్న మాట నిజమే. ఆమె పేరు జూనో.